మేకల ఈతల సీజన్: ఆ రాత్రి కంటే ముందున్న ఆరు వారాలే ముఖ్యం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర పాతిక పెంటి మేకలు పెంచుతున్నారు. అన్నీ నాటువే, చిన్న సైజు. జూన్‌లో బోయర్ (పెద్ద సైజు మాంసపు జాతి) క్రాస్ పోతుని మందలో వదిలారు. ఇప్పుడు అక్టోబరు మొదటి వారం, నవంబరు నుంచి ఈతలు మొదలవుతాయి. పోయినసారి పుట్టిన పిల్లల్లో మూడో వంతు వారం తిరక్కుండానే పోయాయి. ఈనే రాత్రి ఏం చేయాలి, ఏ మందులు దగ్గర పెట్టుకోవాలి, అసలు ఇందులో ఏమైనా మిగులుతుందా అని అడిగారు.

మీరు అడిగింది ఈనే రాత్రి గురించి. నేను మాత్రం ఇవాళ్టి నుంచి ఆ రాత్రి దాకా ఉన్న రోజుల గురించే ఎక్కువ చెప్తాను. వారంలోపు పోయే పిల్లల్లో చాలావరకు బలం లేకుండా పుట్టినవి, తల్లి దగ్గర పాలు చాలనివి, చల్లబడిపోయినవి. ఈ మూడూ తల్లి చూడి చివర్లో ఏం తిందన్న దాని మీదే నడుస్తాయి. మందుల డబ్బాతో సరిదిద్దగలిగేది తక్కువ.

మేక చూడి సుమారు 150 రోజులు, అయిదు రోజులు అటూ ఇటూ. కడుపులో పిల్ల బరువులో దాదాపు 70 శాతం చివరి యాభై రోజుల్లోనే పెరుగుతుంది. అంటే మీ మేకల్లో మొదటి వరసవి ఇప్పటికే ఆ దశలో ఉన్నాయి. ఇక్కడో చిక్కుంది. పిల్లలు పెరిగేకొద్దీ మేకకి పొట్టలో మేత పట్టే చోటు తగ్గిపోతుంది. అవసరం పెరిగినప్పుడే తిండి తగ్గుతుంది. పైగా వానలకి పచ్చగడ్డి ఏపుగా ఉంటుంది కాబట్టి "పొద్దున్నుంచి మేస్తూనే ఉంది కదా" అనిపిస్తుంది. ఆ గడ్డిలో ముప్పాతిక వంతు నీళ్లే. కవలలు మోసే మేకకి అది చాలదు.

దాణా కలపండి. పెద్ద ఖర్చు అక్కర్లేదు: మొక్కజొన్న నూక, గోధుమ పొట్టు, వేరుశనగ చెక్క, కొంచెం ఉలవలు, ఖనిజ లవణ మిశ్రమం, చిటికెడు ఉప్పు. మీ సైజు నాటు మేకకి రోజుకి 100 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో 250 గ్రాముల దాకా, రెండు పూటలుగా తీసుకెళ్లండి. పెంచడం మెల్లగానే. దీనితోపాటు సుబాబుల్, అవిశ, మునగ, పనస ఆకు, ఏది దొరికితే అది రాత్రికి కట్టండి. ఎండు మేత కూడా కొంత ఉండాలి. బక్కచిక్కిన మేకల్ని వేరు చేసి పెట్టండి. లేకపోతే కొమ్ములున్న బలమైనవి వాటి వాటా కూడా లాగేస్తాయి.

చివరి నెలలో నేను అందరికన్నా ఎక్కువ భయపడేది చూడి విషానికి. డాక్టర్లు ప్రెగ్నెన్సీ టాక్సీమియా అంటారు. రెండు మూడు పిల్లలున్న మేకకి తిండి చాలక ఒంట్లో కొవ్వు కరిగించుకోవడం మొదలుపెడుతుంది, ఆ కరిగిందే రక్తంలో విషమవుతుంది. బాగా బక్కవాటికీ వస్తుంది, బాగా కొవ్విన వాటికీ వస్తుంది. మొదటి గుర్తు చాలా చిన్నది: దాణా పెట్టగానే అన్నీ పరిగెత్తుకొస్తే ఒకటి మాత్రం వెనకాల నిలబడి చూస్తుంది. మర్నాటికి పళ్లు కొరుకుతుంది, కాళ్లు వాస్తాయి, నోట్లోంచి తియ్యటి వాసన వస్తుంది. పడుకుండిపోయాక బతికించడం కష్టం. కాబట్టి వెనకాల నిలబడిన రోజే డాక్టరుకి చూపించండి. గ్లూకోజ్ నరానికి ఎక్కించాలి, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే శక్తినిచ్చే ద్రవం తాగించాలి. బెల్లం నీళ్లు డాక్టరు వచ్చేలోపు పట్టొచ్చు, అదే వైద్యం అనుకోవద్దు.

దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఒకటుంది, మన వైపు నవంబరులో తప్పకుండా వస్తుంది. కార్తీక వనభోజనాలు! తీరం పొడుగునా సరుగుడు, జీడి, మామిడి తోటల్లో ఆదివారం వస్తే విస్తళ్లు, మిగిలిపోయిన పులిహోర, అన్నం కుప్పలు. మేక ఒక్కసారిగా కడుపునిండా అన్నం తింటే పొట్టలో పులిసిపోయి, ఆమ్లం పెరిగి, ఒక్క రాత్రిలో చచ్చిపోవచ్చు. చూడి మేకకి అది ఇంకా చేటు. ఆ ప్లాస్టిక్ ప్లేట్లు, కవర్ల సంగతి సరేసరి. ఆ నెల ఆది, సోమవారాలు మందని ఆ తోటల వైపు తోలకండి. మిగిలిన అన్నం తెచ్చి ప్రేమగా పెట్టే చుట్టుపక్కల వాళ్లకి కూడా మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

టీకాల విషయం. చిటుకు రోగం టీకా ఈతకు మూడు నాలుగు వారాల ముందు పడితే ఆ రక్షణ జున్నుపాల ద్వారా పిల్లకి వెళ్తుంది. అంటే మీకు ఇదే సమయం. నట్టల మందు కూడా డాక్టరుని అడిగి వేయించండి. ఫెన్‌బెండజోల్ చూడి మేకకి ఇబ్బంది లేనిది. ఆల్బెండజోల్‌ని చూడి మొదటి నెలలో వాడకూడదు, వచ్చేసారి పోతుని వదిలాక ఇది గుర్తుంచుకోండి. నిండు చూడి మేకల్ని సూదుల కోసం ఇరుకు గేటులోంచి తోయడం, వెల్లకిలా పడేయడం అస్సలు వద్దు. ఆ తోపులాటకే ఈసుకుపోయేవి (నెలలు నిండకుండానే పిల్లని పడేసుకునేవి) ఉంటాయి.

ఈసుకుపోయే మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఒక మేక ఈసుకుపోతే దెబ్బ తగిలిందేమో అనుకోవచ్చు. వెంటవెంటనే రెండోది, మూడోది పోతే అది అంటురోగం అనుకోవాలి. బ్రూసెల్లా లాంటివి మనుషులకీ వస్తాయి. చేతికి గ్లవ్స్ లేకుండా ఆ పిండాన్ని, మాయని ముట్టుకోవద్దు. ఇంట్లో గర్భిణులుంటే ఈతల దొడ్డిలోకే రానివ్వొద్దు. పచ్చిపాలు ఎవరూ తాగొద్దు. మిగతా మేకల రక్త పరీక్షకి పశువుల ఆసుపత్రిలో అడగండి.

ఇక శాల. నవంబరు ఈత అంటే తుపానుల కాలంలో ఈత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖలో కొత్తగా చెప్పక్కర్లేదు. అంతటిది రాకపోయినా, అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు కమ్మితే చాలు, తడి నేల మీద పుట్టిన కిలోన్నర పిల్ల నిలబడదు. రేకులకి తాళ్లు, ఇనుప తీగలు ఇప్పుడే బిగించండి. నాలుగు రోజులకి సరిపడా ఎండు మేత, డ్రమ్ములో నీళ్లు ఉండాలి. గాలి కొట్టే వైపు టార్పాలిన్ కట్టండి కానీ పై రెండడుగులు వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే ఉచ్చ వాసన లోపలే నిలిచి పిల్లలకి న్యుమోనియా తెస్తుంది. చలితోపాటు ఆ గాలి కూడా పిల్లల్ని తీసుకెళ్తుంది. లోపల మీరు మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తులో గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే శుభ్రం చేయాలి.

మీది మంచె మీద ప్లాస్టిక్ పలకల ఫ్లోర్ అన్నారు. పెద్దవాటికి అది మంచిదే. అప్పుడే పుట్టిన పిల్ల కాలు ఆ సందుల్లో దిగితే విరుగుతుంది. ఈనే మేకలకి కింద నేల మీద, నాలుగడుగుల చదరంలో చిన్న గదులు కట్టండి, పొడి సున్నం చల్లి పైన ఎండుగడ్డి పరచండి. ఒకదానికి ఖాళీ అయ్యాక గడ్డి మార్చి రెండోదాన్ని పెట్టండి. పాతిక మేకలకి నాలుగు గదులు చాలు.

ఈత దగ్గర పడుతున్నట్టు ఎలా తెలుస్తుందంటే, పొదుగు బిగుస్తుంది, చన్నులు నిగనిగలాడతాయి. తోక మొదలు దగ్గర రెండు వైపులా పెన్సిల్ లావున గట్టిగా తగిలే నరాల్లాంటివి ఉంటాయి. వాటిని రోజూ వేళ్లతో తడిమి చూడటం అలవాటు చేసుకోండి. అవి మెత్తబడి చేతికి దొరక్కుండా పోయాయంటే సాధారణంగా ఒక రోజులో ఈనుతుంది. మేక మూలకి పోయి కాలితో నేల గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. ఇదంతా గంటల తరబడి సాగొచ్చు, టెన్షన్ పడొద్దు.

గడియారం చూసుకోవాల్సింది గట్టిగా ముక్కడం మొదలయ్యాక. అరగంట ముక్కినా ఏమీ కనిపించకపోతే, లేదా నీటి సంచి పగిలి అరగంటైనా పిల్ల రాకపోతే ఏదో అడ్డుపడినట్టు. రెండు ముందు కాళ్లు, వాటి మీద ముక్కు కనిపిస్తే అంతా సవ్యం, చూస్తూ కూర్చోండి. రెండు వెనక కాళ్లు ముందొచ్చినా చాలాసార్లు దానంతటదే ఈనుతుంది, కాకపోతే నడుము బయటపడ్డాక ఆలస్యం చేయకూడదు. కాళ్లొచ్చి తల రాకపోయినా, తలొచ్చి కాళ్లు రాకపోయినా, తోక మాత్రమే తగిలినా సహాయం కావాలి. తెలిసిన చెయ్యి అయితే గోళ్లు కత్తిరించుకుని, సబ్బుతో కడుక్కుని, గ్లవ్ వేసి కొబ్బరినూనె రాసుకుని, మేక ముక్కడం ఆపినప్పుడు పిల్లని కొంచెం వెనక్కి నెట్టి సర్దుతారు. తెలియని చెయ్యి లాగితే గర్భసంచి చిరుగుతుంది. మీరు ఇంకా నేర్చుకోలేదు కాబట్టి 1962కి ఫోన్ చేయండి, సంచార పశు వైద్య వాహనం నంబరు అది. అర్ధరాత్రికి మాత్రం దాని మీదే ఆధారపడొద్దు. మీ మండల డాక్టరుని ఇప్పుడే కలిసి, రాత్రిపూట ఎవరిని పిలవాలో అడిగి నంబరు గోడ మీద రాసుకోండి.

మీ మందలో ఇలా పిల్ల అడ్డుపడటం మామూలు కంటే ఎక్కువ రావొచ్చు, దానికి కారణం పోతు. చిన్న నాటు మేక మీద, అందులోనూ తొలి ఈత మేక మీద, బోయర్ రక్తం ఉన్న పెద్ద పోతుని వదిలితే పిల్ల తల పెద్దదై అడ్డుపడొచ్చు. ముఖ్యంగా ఒక్క పిల్లే ఉన్నప్పుడు. రెండు మూడు ఈతలైన, నడుం వెడల్పున్న మేకలకి ఆ క్రాస్ సరే. తొలి ఈతవాటిని ముందే గుర్తుపెట్టుకుని, అవి ఈనే రోజున మనిషి దగ్గరుండేలా చూడండి. వచ్చేసారి వాటికి నాటు పోతే చాలు.

పిల్ల కింద పడ్డాక మీ పని మూడే. ముక్కు, నోటి మీది జిగురు గుడ్డతో తీయడం. ఊపిరి తీయకపోతే గడ్డి పరకతో ముక్కులో గిలిపెట్టండి, తుమ్ముతుంది. రెండు, బొడ్డుని టింక్చర్ అయోడిన్ పోసిన చిన్న గిన్నెలో ముంచడం. దూదితో అద్దితే చాలదు, మొదలంటా మునగాలి. కీళ్ల వాపులు చాలావరకు ఆ తడి బొడ్డులోంచే ఎక్కుతాయి. మూడు, రెండు చన్నులూ ఒక్కోసారి పిండి చూడడం. చన్ను కొసన మైనం లాంటి బిరడా ఉంటుంది, అది వచ్చేస్తేనే పాలొస్తాయి. పిల్ల చీకుతూనే ఉంటుంది, కడుపు మాత్రం ఖాళీగా ఉంటుంది. చూసేవాళ్లకి తాగుతున్నట్టే కనిపిస్తుంది. పొట్ట పట్టుకుని చూడండి, నిండినట్టు ఉందో లేదో చేతికే తెలుస్తుంది.

జున్నుపాలు మొదటి గంట రెండు గంటల్లో పడాలి. మొదటి రోజు మొత్తం మీద పిల్ల బరువులో పదో వంతు: కిలోన్నర పిల్లకి 150 మిల్లీలీటర్లు. రోజు గడిచేసరికి ఆ పాలల్లోని రక్షణని పేగు పీల్చుకోవడం దాదాపు ఆగిపోతుంది, తర్వాత ఎన్ని తాగినా అది రాదు. అందుకే ముందు ఈనిన మేక దగ్గర ఎక్కువున్న జున్నుపాలు పిండి చిన్న సీసాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. దొరక్కపోతే ఆవు జున్నుపాలైనా పనికొస్తాయి. కాకపోతే మన ఊళ్లలో ఆవు ఈనిన ఇంటికి జున్ను కోసం గిన్నెలు ముందే క్యూ కడతాయి, మీ గిన్నె కూడా ముందే పెట్టుకోవాలి. గడ్డకట్టినవాటిని గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించండి. పొయ్యి మీద పెడితే విరిగి జున్నైపోతుంది.

చల్లబడిన పిల్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ పోయినసారి చావుల్లో సగం ఇవే అయి ఉంటాయని నా అనుమానం. తెల్లవారుజామున వెళ్తే ఒక పిల్ల మిగతావాటికి దూరంగా, వీపు గూనిచేసుకుని నిలబడి ఉంటుంది, లేదా మెడ పక్కకి వాల్చి పడుకుని ఉంటుంది. నోట్లో వేలు పెట్టండి. బతికి బట్టకట్టే పిల్ల నోరు వెచ్చగా ఉంటుంది, వేలిని వెంటనే చీకుతుంది. వేలికి చల్లగా తగిలి, నాలుక కదలకపోతే థర్మామీటరు పెట్టండి. మామూలుగా 101.5 నుంచి 103.5 ఫారన్‌హీట్ ఉండాలి. 100 కంటే తగ్గితే అలాంటి పిల్లకి పాలు పట్టకూడదు. చల్లటి పొట్టలో పాలు అరగవు, చీకే శక్తి లేని పిల్లకి సీసాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాపం ఆకలితో ఉందని పాలు పోసి చంపేది ఇక్కడే.

ముందు వెచ్చబరచండి. పెద్ద పాలిథిన్ కవర్లో పిల్లని మెడదాకా పెట్టి, తల బయట ఉంచి, బకెట్టులో వెచ్చటి నీళ్లలో దించండి. మోచెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు. కవరు ఎందుకంటే ఒళ్లు తడవదు, ముఖ్యంగా తల్లి నాకిన వాసన పోదు. వాసన పోతే తల్లి మళ్లీ దగ్గరకి రానివ్వదు. నీళ్లు చల్లారితే మారుస్తూ ఉండండి. కొంతసేపటికి పిల్ల తల ఎత్తుతుంది, చెవులు కదుపుతుంది, ఆ తర్వాత అరుస్తుంది. ఆ అరుపు వినబడ్డాక, నోరు వెచ్చబడ్డాక జున్నుపాలు పట్టండి. ఒక జాగ్రత్త: పుట్టి అయిదారు గంటలు దాటి, ఏమీ తాగకుండా చల్లబడిన పిల్లకి ఒంట్లో చక్కెర అయిపోయి ఉంటుంది. దాన్ని నేరుగా వేడి చేస్తే ఫిట్స్ వస్తాయి. దానికి ముందు గ్లూకోజ్ పడాలి, అది డాక్టరు చేయాల్సిన పని. సన్నటి గొట్టంతో పొట్టలోకి పాలు ఎలా పోయాలో కూడా ఆయన దగ్గరే ఒకసారి చేసి చూపించమనండి. చదివి నేర్చుకునేది కాదు.

మాయ మామూలుగా కొన్ని గంటల్లో పడిపోతుంది. వేలాడుతోందని లాగొద్దు, బరువులు కట్టొద్దు. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకి చెప్పండి. పడిన మాయని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. దొడ్డి బయట పారేస్తే ఆ వాసనకి ఊరకుక్కలు అలవాటు పడతాయి, రెండో రోజు పిల్లల కోసం వస్తాయి. విశాఖ చుట్టుపక్కల కొత్త లేఅవుట్లు వచ్చాక కుక్కల బెడద బాగా పెరిగింది. నా దృష్టిలో కంచె కింది సందు మూయడానికి పెట్టే ఖర్చు సగం మందుల కంటే విలువైంది.

ముగ్గురు పుడితే చిన్న నాటు మేక ముగ్గురికీ పాలివ్వలేదు. మూడోదాన్ని, అదే రోజు ఒక్క పిల్లే ఈనిన మేకకి మప్పొచ్చు. ఆ మేక ఉమ్మనీరు ఇంకా తడిగా ఉండగానే కొత్త పిల్ల ఒంటికి, తలకి, తోకకి బాగా పూసి ముందు పెట్టండి. నాకడం మొదలుపెడితే పని అయినట్టే. మర్నాడు ప్రయత్నిస్తే కుమ్మేస్తుంది.

మూడు వారాలు దాటాక వచ్చే పారుడు వేరే కథ. పేడ పల్చగా, నల్లగా, ఒక్కోసారి రక్తంతో వస్తుంటే కాక్సీడియోసిస్ (పేగుల్లో పట్టే సూక్ష్మజీవి జబ్బు) అయి ఉండొచ్చు. కిక్కిరిసిన తడి శాలలో ఇది పట్టుకుంటుంది. పేడ పరీక్ష చేయించి మందు వాడండి. నీళ్ల తొట్టిలోకి, దాణా తొట్టిలోకి పిల్లలు ఎక్కి పెంటికలు వేయకుండా చూస్తే సగం తగ్గుతుంది. పి.పి.ఆర్. (మేకల ప్లేగు) టీకా పిల్లలకి మూడు నాలుగు నెలలు నిండాక.

మిగులుతుందా అన్నారు. పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టకండి, మూడు నెలలకి నిలబడిన వాటినే లెక్కపెట్టండి. పది నాటు మేకలు ఈనితే పదిహేను పిల్లలు పుట్టడం వింత కాదు. పదమూడు నిలబెడితే మంచి సీజన్, పది నిలబెడితే కష్టానికి కూలి కూడా రాదు. అంతా కలిపి చూస్తే మీ లాభం ఆ రెండు మూడు పిల్లల్లోనే ఉంది. సబ్సిడీ వస్తుందని ఒకేసారి వంద మేకలు, అయిదు పోతుల యూనిట్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే: ఈ పాతికతో రెండు సీజన్లు దాటాక చూడండి.

వచ్చే ఏడాది నుంచి పోతుని ఎప్పుడూ మందలో వదిలేయకండి. వేరుగా కట్టి ఉంచి ఆగస్టు పదిహేను నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా వదలండి. అప్పటికి మేత బాగుంటుంది, మేకలు బాగా ఎదకొస్తాయి, ఈతలు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు పడతాయి. వానా ఉండదు, ఎండా ఉండదు. పిల్లలు పాలు మానే ఏప్రిల్, మే నెలల్లో మేత కరువు మాత్రం ఉంటుంది, దానికి సైలేజీయో (గాలి తగలకుండా పులియబెట్టిన పచ్చిమేత) వేరుశనగ కట్టెయో ముందే నిల్వ చేసుకోవాలి. రెండేళ్లలో మూడు ఈతలు తీయాలనుకుంటే ఎలాగూ ఒకటి ఎండలోనో వానలోనో పడుతుంది. తొలి సీజన్లలో ఆ ఆశ వద్దు.

అమ్మకం సంగతికొస్తే, కార్తీకంలో మాంసం గిరాకీ తగ్గుతుంది, కనుమకి లేస్తుంది. బక్రీద్‌కి మేక ఏడాది నిండి ఉండాలి, కన్ను, చెవి, కొమ్ము, కాలు సవ్యంగా ఉండాలి. అమ్మవారి మొక్కులకి కొనేవాళ్లు కూడా లోపం లేనిదే చూస్తారు. బక్రీద్ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది: 2026లో సుమారుగా మే నెలాఖరు, 2027లో మే మధ్య. అందుకే జనవరిలో పుట్టిన మంచి మగపిల్లల్ని మూడు నెలలకే బేరగాడికి ఇచ్చేయకుండా, మేత ఉంటే మరుసటి ఏడు బక్రీద్ దాకా ఉంచండి. మూడు నెలలు నిండగానే పెంటి పిల్లల నుంచి వేరు చేయడం మర్చిపోవద్దు, నాలుగైదు నెలలకే చూడి కట్టించేస్తాయి.

ఈ నవంబరులో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ మేక ఎన్ని ఈనింది, ఎన్నింటిని పెంచింది, ఏది పిల్లల్ని తన్నేసింది, దేని పొదుగు ఒక వైపు గట్టిపడింది, అన్నీ రాయండి. కవలల్ని ఈని ఇద్దరినీ పెంచిన తల్లి పెంటి పిల్లల్ని అమ్మకండి. వరసగా రెండు ఈతలు పిల్లని దగ్గరకి రానివ్వని మేక, పొదుగు చెడిన మేక ఎంత అందంగా ఉన్నా వద్దు. సంక్రాంతికి వారం ముందు వాటిని తూకానికి ఇచ్చేయండి, కనుమ గిరాకీకి ధర కూడా అప్పుడే పలుకుతుంది.